నాగారంలో జ్వరాల లెక్క – ఋతు ఫ్లూపై ముందస్తు నిఘా

ఋతువు మారిన ప్రతిసారీ జలుబు, దగ్గు, ఒళ్లునొప్పులు, జ్వరం ఇంటింటా కనిపించడం సహజం. వీటిలో అధిక భాగం వారం రోజుల్లో తగ్గిపోతాయి. అయితే ఆ సాధారణ జ్వరాల మధ్యనే ఇన్‌ఫ్లుయెంజా దాగి ఉంటుంది. అది గర్భిణులకు, వృద్ధులకు, చంటిబిడ్డలకు, మధుమేహం, ఉబ్బసం, గుండెజబ్బు ఉన్నవారికి ప్రాణాంతకం కావచ్చు. ఏ వారంలో, ఏ బస్తీలో జ్వరాలు మామూలు కంటే పెరిగాయన్న సంగతి ముందుగా తెలిస్తే మందులు, పడకలు, పరీక్షలు సకాలంలో సిద్ధం చేసుకోవచ్చు. ఆ సంగతిని తెలియజేసేదే వ్యాధుల నిఘా వ్యవస్థ. హైదరాబాదు ఉత్తర శివారున శరవేగంగా పెరిగిన నాగారం వంటి ప్రాంతంలో ఈ నిఘా ఎలా నడుస్తుంది, ప్రజలు అందులో ఎలా భాగస్వాములు కాగలరు అన్నది తెలుసుకోవలసిన విషయం.

గ్రామం నుంచి నగరానికి

ఒకప్పుడు రంగారెడ్డి జిల్లా కీసర మండలంలో గ్రామ పంచాయతీగా ఉన్న నాగారం, 2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణతో మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలోకి వచ్చింది. తదుపరి పురపాలక సంఘంగా మారి, 2025 డిసెంబరులో చుట్టుపక్కల పట్టణాలతో పాటు గ్రేటర్ హైదరాబాదు నగర పాలక సంస్థలో విలీనమైంది. ఈ మార్పులు పరిపాలనకే పరిమితం కావు. పది కుటుంబాలను పేరుపేరునా ఎరిగిన ఆరోగ్య కార్యకర్త పని చేసే పల్లెకూ, అద్దె ఇళ్లు, అపార్టుమెంట్లు, కొత్త కాలనీలతో నిండిన శివారుకూ జ్వరాల లెక్కలో ఎంతో తేడా ఉంటుంది.

నాగారం నివాసి ఉదయం చర్లపల్లి పారిశ్రామికవాడకో, ఈసీఐఎల్ కూడలి మీదుగా సికింద్రాబాదుకో వెళ్లి సాయంత్రానికి ఇల్లు చేరతాడు. జ్వరం వస్తే మొదట వీధి చివరి మందుల దుకాణాన్ని, ఆ తర్వాత సమీపంలోని ప్రైవేటు క్లినిక్‌ను ఆశ్రయిస్తాడు. ఊపిరి ఆడకపోతే గాంధీ ఆసుపత్రికి చేరతాడు. వ్యాధి సోకిన చోటు ఒకటి, నివసించే చోటు మరొకటి, చికిత్స పొందిన చోటు ఇంకొకటి అయినప్పుడు, నమోదులో నివాస చిరునామా సరిగా లేకుంటే ఆ జ్వరం నాగారం ఖాతాలో ఎక్కడా కనిపించదు. ఆసుపత్రి చీటీపై పూర్తి చిరునామా రాయించుకోవడం చిన్న విషయంగా తోచినా, నిఘాకు అదే పునాది.

2009 అనుభవం

మహమ్మారి ఇన్‌ఫ్లుయెంజా ఏ–హెచ్1ఎన్1 వ్యాధి భారతదేశంలో తొలిసారి నిర్ధారణ అయింది హైదరాబాదులోనే. న్యూయార్క్ నుంచి దుబాయ్ మీదుగా 2009 మే 13న శంషాబాద్ విమానాశ్రయానికి చేరిన 23 ఏళ్ల యువకునికి ఈ వ్యాధి ఉన్నట్లు మే 16న కేంద్ర ప్రభుత్వం ప్రకటించింది. అదే సంవత్సరం జూన్ 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనిని మహమ్మారిగా ప్రకటించింది. ఆగస్టు 3న పుణెలో ఒక బాలిక మృతితో దేశంలో తొలి మరణం నమోదైంది. మహమ్మారి దశ ముగిసినట్లు 2010 ఆగస్టు 10న ప్రకటన వెలువడింది.

మహమ్మారి ముగిసినా వైరస్ పోలేదు. ప్రజలు నేటికీ స్వైన్ ఫ్లూ అని పిలుచుకునే ఈ హెచ్1ఎన్1 ఋతు ఫ్లూ వైరస్‌లలో ఒకటిగా స్థిరపడింది. జాతీయ స్థాయిలో నమోదైన హెచ్1ఎన్1 కేసులు, మరణాలు దాని ఎత్తుపల్లాలను స్పష్టం చేస్తాయి. 2009లో 27,236 కేసులు, 981 మరణాలు నమోదయ్యాయి. 2015లో 42,592 కేసులు, 2,990 మరణాలు. 2017లో 38,811 కేసులు, 2,270 మరణాలు సంభవించాయి. అంటే మహమ్మారిగా ప్రకటించిన సంవత్సరం కంటే, అది సాధారణ ఋతు వ్యాధిగా మారిన తర్వాతి సంవత్సరాలలోనే ఎక్కువ ప్రాణనష్టం నమోదైంది. తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన తర్వాత తొలి శీతాకాలమైన 2015 జనవరి, ఫిబ్రవరి నెలల్లో హైదరాబాదు, పరిసర జిల్లాలలో వ్యాధి తీవ్రంగా ప్రబలింది. ఇవన్నీ పరీక్షల ద్వారా నిర్ధారణ అయిన కేసులు మాత్రమేనని, పరీక్ష చేయించుకోని వారు ఈ లెక్కలోకి రారని గుర్తుంచుకోవాలి.

మూడు పత్రాలు – ఒక చిత్రం

దేశంలో సమీకృత వ్యాధుల నిఘా ప్రాజెక్టు 2004 నవంబరులో ప్రపంచ బ్యాంకు సహాయంతో ప్రారంభమైంది. తొలి దశలో చేరిన రాష్ట్రాలలో నాటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. ప్రతి సోమవారం నుంచి ఆదివారం వరకు ఒక వారంగా లెక్కించి, ఆ వారపు సమాచారాన్ని ఉపకేంద్రం నుంచి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి, అక్కడి నుంచి జిల్లా నిఘా విభాగానికి, రాష్ట్రానికి, ఢిల్లీకి చేర్చడం దీని విధానం.

ఇందుకు మూడు రకాల పత్రాలు వాడుకలోకి వచ్చాయి. ఎస్ పత్రం ఆరోగ్య కార్యకర్తది. రోగనిర్ధారణ ఆమె బాధ్యత కాదు. ఏడు రోజులలోపు జ్వరం, మూడు వారాలలోపు దగ్గు, మూడు వారాలు మించిన దగ్గు, నీళ్ల విరేచనాలు, కామెర్లు వంటి లక్షణాలు ఎందరిలో కనిపించాయో మాత్రమే నమోదు చేస్తుంది. మూడు వారాలు మించిన దగ్గును విడిగా రాయడం వల్ల క్షయ అనుమానితులు ఫ్లూ గుంపులో కలిసిపోరు. పి పత్రం వైద్యాధికారి నింపేది. పరీక్షించి చూసిన మీదట న్యుమోనియా, ఇన్‌ఫ్లుయెంజా తరహా జ్వరం, డెంగీ అంటూ సంభావ్య నిర్ధారణ ఇందులో ఉంటుంది. ఎల్ పత్రం ప్రయోగశాలది. పరీక్షించిన నమూనాలు ఎన్ని, వ్యాధి నిర్ధారణ అయినవి ఎన్ని అన్నది ఇది చెబుతుంది.

ఒక్కో పత్రానికి ఒక్కో బలం, ఒక్కో పరిమితి ఉన్నాయి. ఎస్ పత్రం అందరికంటే ముందు హెచ్చరిస్తుంది, కాని ఏ వ్యాధో చెప్పలేదు. ఎల్ పత్రం వ్యాధిని పేరుతో చెబుతుంది, కాని ఆలస్యంగా వస్తుంది. మూడింటిని పక్కపక్కన పెట్టి చూసినప్పుడే చిత్రం పూర్తవుతుంది.

కాగితపు పత్రాల స్థానంలో సమీకృత ఆరోగ్య సమాచార వేదిక వచ్చింది. 2018 నవంబరులో తొలుత ప్రవేశపెట్టిన ఏడు రాష్ట్రాలలో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండూ ఉన్నాయి. 2021 ఏప్రిల్ 5న దీనిని దేశవ్యాప్తంగా ఆవిష్కరించారు. వారాంతం వరకు వేచి ఉండకుండా రోజువారీగా, రోగి నివసించే గ్రామం లేదా వార్డు వివరాలతో నమోదు చేసే వీలు దీనితో కలిగింది. గాంధీ ఆసుపత్రిలో చేరిన నాగారం రోగి వివరం తిరిగి మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా నిఘా విభాగం దృష్టికి రావడానికి ఇటువంటి ఏర్పాటే ఆధారం.

ఏది ఫ్లూ తరహా జ్వరం?

ప్రతి దగ్గునూ ఫ్లూగా లెక్కిస్తే లెక్కకు అర్థం ఉండదు. అందువల్ల ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక నిర్వచనాన్ని నిర్దేశించింది. 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ లేదా అంతకు మించిన జ్వరంతో పాటు దగ్గు ఉండి, అవి గత 10 రోజులలో మొదలైనట్లయితే దానిని ఇన్‌ఫ్లుయెంజా తరహా జ్వరంగా పరిగణిస్తారు. ఇవే లక్షణాలతో ఆసుపత్రిలో చేర్చవలసి వస్తే దానిని తీవ్ర శ్వాసకోశ వ్యాధిగా నమోదు చేస్తారు. మొదటి లెక్క వ్యాప్తిని, రెండవ లెక్క తీవ్రతను తెలుపుతుంది.

ఈ లెక్కను చదివే పద్ధతికి ఒక ఉదాహరణ చెప్పుకోవచ్చు. ఒక ఆరోగ్య కేంద్రానికి ఒక వారంలో 400 మంది రోగులు వచ్చారని, వారిలో 20 మందికి ఫ్లూ తరహా జ్వరం ఉందని అనుకుందాం. అది నూటికి 5. మరుసటి వారం 800 మంది వచ్చి, వారిలో 40 మందికి అటువంటి జ్వరం ఉంటే సంఖ్య రెట్టింపు అయినట్లు కనిపించినా నిష్పత్తి మారలేదు. కేంద్రానికి వచ్చేవారే పెరిగారు. అదే 400 మందిలో 60 మందికి జ్వరం ఉంటే నిష్పత్తి నూటికి 15కు చేరుతుంది. అప్పుడు అప్రమత్తం కావాలి. అందుచేత జ్వరాల సంఖ్యతో పాటు ఆ వారంలో చూసిన మొత్తం రోగుల సంఖ్యను కూడా రాయడం తప్పనిసరి. గత మూడు, నాలుగు సంవత్సరాలలో అదే వారపు నిష్పత్తితో పోల్చి చూస్తే, ఈ పెరుగుదల ఋతువుకు మామూలుదా, అసాధారణమా అన్నది తేలుతుంది.

నమూనా ప్రయాణం

వ్యాధి ఇన్‌ఫ్లుయెంజాయే అని తేల్చేది ఆర్‌టీ–పీసీఆర్ పరీక్ష. జ్వరం మొదలైన తొలి మూడు, నాలుగు రోజుల్లో గొంతు, ముక్కు నుంచి దూదిపుల్లతో స్రావాన్ని సేకరించి, వైరస్ చెడిపోకుండా ఉంచే ద్రావణంలో వేసి, మంచుగడ్డల పెట్టెలో ప్రయోగశాలకు పంపుతారు. మార్గమధ్యంలో చల్లదనం తప్పితే, ఉన్న వ్యాధి కూడా లేనట్లు ఫలితం రావచ్చు. హైదరాబాదు నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌తో పాటు గాంధీ, ఉస్మానియా వైద్య కళాశాలల వైరస్ పరిశోధన ప్రయోగశాలలు ఈ ప్రాంతానికి అందుబాటులో ఉన్నాయి.

అక్కడితో ప్రయాణం ఆగదు. పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ దేశానికి ఇన్‌ఫ్లుయెంజా కేంద్రంగా వ్యవహరిస్తోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1952లో నెలకొల్పిన అంతర్జాతీయ ఇన్‌ఫ్లుయెంజా నిఘా వ్యవస్థకు ఇటువంటి కేంద్రాల నుంచే సమాచారం అందుతుంది. ఆ సమాచారం ఆధారంగా ఏటా ఫిబ్రవరిలో ఉత్తరార్ధగోళానికి, సెప్టెంబరులో దక్షిణార్ధగోళానికి టీకాలో ఉండవలసిన వైరస్ రకాలను నిపుణులు నిర్ణయిస్తారు. బి–యమగాటా రకం 2020 మార్చి తర్వాత ప్రపంచంలో ఎక్కడా నిర్ధారణగా కనిపించలేదని గుర్తించి, నాలుగు రకాల టీకా నుంచి తిరిగి మూడు రకాల టీకాకు మారాలని సూచించడం కూడా ఈ నిఘా ఫలితమే.

రెండు ఋతువులు, ఒక జాతర

చలి దేశాలలో ఫ్లూ శీతాకాలపు వ్యాధి. భారతదేశంలో అది ఏడాదికి రెండుసార్లు తలెత్తుతుంది: జనవరి నుంచి మార్చి వరకు ఒకసారి, వర్షాకాలంలోనూ ఆ తర్వాతా మరొకసారి. 2023 మార్చిలో హెచ్3ఎన్2 రకం కారణంగా దేశవ్యాప్తంగా దగ్గు, జ్వరాలు పెరిగినప్పుడు కేంద్ర ఆరోగ్య శాఖ ఈ రెండు కాలాలనే గుర్తు చేసింది.

నాగారానికి చేరువలోని కీసరగుట్టపై శ్రీ రామలింగేశ్వర స్వామి సన్నిధిలో మహాశివరాత్రి బ్రహ్మోత్సవాలు జరిగేది మొదటి కాలంలోనే. భక్తులు పెద్ద సంఖ్యలో తరలివచ్చే ఈ జాతర 2015లో ఫిబ్రవరి 17న, అంటే ఫ్లూ ఉధృతి నడుమ వచ్చింది. జాతర సమయంలో వైద్య శిబిరాలకు వచ్చే జ్వరపీడితుల లెక్కను రోజువారీగా చూడడం, తర్వాతి రెండు వారాలపాటు చుట్టుపక్కల ఆరోగ్య కేంద్రాల లెక్కలను గమనించడం నిఘాలో ముఖ్యమైన భాగం. ఇక రెండవ కాలం బడులు తెరిచిన తర్వాత వస్తుంది. అదే సమయంలో డెంగీ, మలేరియా, టైఫాయిడ్ కూడా ఉండడం వల్ల దగ్గు ఉన్న జ్వరాన్ని, దగ్గు లేని జ్వరాన్ని వేరుగా రాయడం మరింత అవసరం. తరగతి హాజరుపట్టీ కూడా ఇక్కడ ఒక సాధనమే. ఒకే తరగతిలో ఎక్కువ మంది పిల్లలు ఒకే వారం జ్వరంతో రాకపోతే ఉపాధ్యాయులు ఆరోగ్య సిబ్బందికి తెలియజేయడం మేలు.

లెక్కకు అందని జ్వరాలు

ఆసుపత్రికి వచ్చినవారిని మాత్రమే లెక్కించడం ఈ వ్యవస్థకు ఉన్న ప్రధాన లోపం. మందుల దుకాణంలో మాత్రలు కొనుక్కున్నవారు, స్థానిక వైద్యుని వద్ద సూది వేయించుకున్నవారు, రోజుకూలి పోతుందని జ్వరంతోనే పనికి వెళ్లినవారు ఏ పత్రంలోనూ ఉండరు. చిన్న ప్రైవేటు క్లినిక్‌లు, ప్రయోగశాలలు క్రమం తప్పక సమాచారం ఇచ్చిన చోట మాత్రమే శివారు ప్రాంతాల అసలు చిత్రం బయటపడుతుంది.

ఈ లోటును పూడ్చడానికి ఇంటింటి పరిశీలన ఒక మార్గం. కోవిడ్ కాలంలో 2021 మేలోను, తిరిగి 2022 జనవరి 21 నుంచీ తెలంగాణ ప్రభుత్వం ఇంటింటి జ్వర సర్వే నిర్వహించింది. ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు, పురపాలక సిబ్బంది బృందాలుగా ఇళ్లకు వెళ్లి జ్వరం, దగ్గు ఉన్నవారిని గుర్తించి మందుల కిట్లు అందజేశారు. ఆసుపత్రి గడప తొక్కనివారిని కూడా ఈ సర్వే లెక్కలోకి తెచ్చింది. పరీక్ష ఫలితం కోసం ఎదురుచూడకుండా లక్షణాలను బట్టే వెంటనే కదలవచ్చని ఈ అనుభవం చూపింది. 2018 ఏప్రిల్ నుంచి నగరంలో మొదలైన బస్తీ దవాఖానాలు పేదల జ్వరాలను ఇంటికి దగ్గరలోనే నమోదు చేసే మరో అవకాశాన్ని కల్పించాయి.

ఎవరికి పరీక్ష? ఎవరికి మందు?

ఫ్లూ రోగులను కేంద్ర ఆరోగ్య శాఖ మార్గదర్శకాలు మూడు వర్గాలుగా విభజించాయి.

ఏ వర్గం: స్వల్ప జ్వరం, దగ్గు, గొంతునొప్పి, ఒళ్లునొప్పులు. పరీక్ష గాని, వైరస్ నివారణ మందు గాని అవసరం లేదు. ఇంటిపట్టున విశ్రాంతి తీసుకుంటూ, ఒకటి రెండు రోజులలో పరిస్థితిని మళ్లీ వైద్యునికి చూపాలి.

బి వర్గం: తీవ్ర జ్వరం, తీవ్ర గొంతునొప్పి ఉన్నవారు; లేదా స్వల్ప లక్షణాలే ఉన్నా గర్భిణులు, చిన్న పిల్లలు, 65 ఏళ్లు దాటినవారు, దీర్ఘవ్యాధులు ఉన్నవారు. పరీక్ష కోసం ఆగకుండా, వైద్యుని నిర్ణయం మేరకు ఒసెల్టామివిర్ ప్రారంభించవచ్చు.

సి వర్గం: ఆయాసం, ఛాతీనొప్పి, మగత, రక్తపోటు పడిపోవడం, కఫంలో రక్తం, గోళ్లు నీలిరంగుకు మారడం; పిల్లలలో ఆహారం ముట్టకపోవడం, మూర్ఛ. వెంటనే ఆసుపత్రిలో చేర్చి, పరీక్షతో పాటు చికిత్స కూడా ప్రారంభించాలి.

ఒసెల్టామివిర్ లక్షణాలు మొదలైన 48 గంటలలోపు వాడితే ఎక్కువ ప్రయోజనం ఇస్తుంది. హైదరాబాదుకు చెందిన హెటెరో డ్రగ్స్ ఈ మందు తయారీకి 2005లో రోష్ సంస్థ నుంచి అనుమతి పొందింది. 2017లో నిబంధనలు సడలించిన తర్వాత ఇది వైద్యుని చీటీపై సాధారణ మందుల దుకాణాలలోనూ లభ్యమవుతోంది. యాంటీబయాటిక్ మందులు ఫ్లూ వైరస్‌పై పనిచేయవు. పిల్లలకు జ్వరంలో ఆస్పిరిన్ ఇవ్వరాదు. అత్యవసర వేళల్లో 108కి ఫోన్ చేయాలి. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో ప్రారంభమైన ఈ అంబులెన్స్ సేవల ప్రాంగణం మేడ్చల్ రహదారిపై దేవరయాంజాల్‌లోనే ఉంది.

టీకా – పొరుగునే తయారీ

ఫ్లూ టీకా సార్వత్రిక టీకా కార్యక్రమంలో లేదు. అయితే ఆరోగ్య సిబ్బందికి, గర్భిణులకు, వృద్ధులకు, దీర్ఘవ్యాధిగ్రస్తులకు దీనిని సూచిస్తున్నారు. టీకా వేసుకున్న సుమారు రెండు వారాలకు రక్షణ కలుగుతుంది. వైరస్ ఏటా మారుతుంది కనుక ఏటా వేసుకోవాలి. వర్షాకాలానికి ముందే తీసుకోవడం ఉపయుక్తం. శామీర్‌పేట మండలం తుర్కపల్లి వద్ద జీనోమ్ వ్యాలీలోని భారత్ బయోటెక్ సంస్థ, గుడ్లకు బదులు కణాలలో పెంచిన వైరస్‌తో హెచ్1ఎన్1 టీకాను తయారుచేసి 2010లో విడుదల చేసింది.

కోళ్లఫారాలపైనా కన్ను

మనుషుల జ్వరాల లెక్కతో పాటు పక్షుల మరణాలనూ గమనించాలి. 2015 ఏప్రిల్‌లో రంగారెడ్డి జిల్లా హయత్‌నగర్ మండలం తొర్రూరు కోళ్లఫారాలలో హెచ్5ఎన్1 బర్డ్ ఫ్లూ నిర్ధారణ అయింది. 2025 మార్చిలో పల్నాడు జిల్లా నరసరావుపేటకు చెందిన రెండేళ్ల బాలిక హెచ్5ఎన్1తో మంగళగిరి ఎయిమ్స్‌లో మరణించింది. ఇటువంటి కేసులు అరుదు. అయినప్పటికీ కోళ్లు అకస్మాత్తుగా పెద్ద సంఖ్యలో చనిపోతే పశుసంవర్ధక శాఖకు వెంటనే తెలియజేయాలి. చనిపోయిన కోళ్లను చేతితో ముట్టరాదు, తినరాదు. ఫారాలలో పనిచేసేవారికి జ్వరం, దగ్గు వస్తే తాము చేసే పనిని వైద్యునికి తప్పక చెప్పాలి. కోడిమాంసం, గుడ్లు పూర్తిగా ఉడికించి తినడం క్షేమకరం.

ప్రజలు చేయవలసినవి

• జ్వరం, దగ్గు ఉన్నవారు బడికి, పనికి, జాతరకు వెళ్లకుండా ఇంటివద్ద ఉండాలి.
• దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు చేతిరుమాలు గాని మోచేయి గాని అడ్డుపెట్టుకోవాలి. చేతులు తరచు సబ్బుతో కడుక్కోవాలి.
• ఇంటిలో గర్భిణి, వృద్ధులు, చంటిబిడ్డ ఉంటే జ్వరం ఉన్నవారు వేరే గదిలో ఉండాలి. అందుకు వీలుకాకపోతే మాస్కు ధరించాలి.
• ఆశా కార్యకర్త ఇంటికి వచ్చినప్పుడు జ్వరం సంగతి దాచరాదు.
• ఆసుపత్రిలో, ప్రయోగశాలలో నివాస చిరునామాను కాలనీ పేరుతో సహా నమోదు చేయించాలి.
• ఒకే వీధిలో, ఒకే బడిలో జ్వరాలు ఒక్కసారిగా పెరిగితే సమీప ఆరోగ్య కేంద్రానికి తెలియజేయాలి.

నిఘా అంటే ఎవరినీ వేలెత్తి చూపడం కాదు. ఒక ఇంటి జ్వరం ఎస్ పత్రంలో ఒక గీతగా మొదలై, జిల్లాలో ఒక హెచ్చరికగా మారి, పక్కవీధిలోని గర్భిణికి 48 గంటలలోపు మందు అందేలా చేయగలదు. ఆ గీతను సకాలంలో గీయించే బాధ్యత ఆరోగ్య సిబ్బందితో పాటు ప్రతి కుటుంబానిదీ.